ఆగినప్పుడు మోగే బండి

"'అలాంటి చప్పుడే' అన్నానమ్మా నేను. 'అదే చప్పుడు' అనలేదు. ఆ ఇన్‌స్పెక్టరు నా మాట సగం వినేలోపే రాసుకుని పోయాడు. నన్నేం చెయ్యమంటావ్?"

బజ్జీల కొట్టు సెనా పిన్ని చిల్లుల గరిటెతో అరటిపండు బజ్జీలు నూనెలోంచి తీసి నాలుగు నా ముందు పెట్టింది. నాకు తినాలని లేదు. గురువారం ఉదయం పదకొండున్నర అయింది. సాయంత్రం నాలుగింటికి మెకానిక్ బద్రుల్‌ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఈసారి కస్టడీ పొడిగించమని అడగరు, హత్యానేరం మోపుతారు. అతని భార్య హలిజా నిన్న సాయంత్రం నా దగ్గరకొచ్చి ఏడ్చింది. మలేషియాలో, ఈ ఇపో ఊరి ట్రాఫిక్‌లో ముప్ఫై ఏళ్ళు ఎండకి ఎండి, సార్జంటుగా రిటైరై, 'రఫియా – ప్రైవేటు పరిశోధన' అని బోర్డు పెట్టుకున్నదాన్ని. చేతిలో ఉన్నది ఒక్క రోజు. అందులో సగం అయిపోయింది కానీ, నిన్నటికంటే ఇవాళ నాకు తక్కువ తెలుసనిపిస్తోంది.

కేసు చూస్తే చిన్నపిల్లాడు కూడా తీర్పు చెప్పేలా ఉంది. చనిపోయినవాడు ఓయి తౌకే, అంటే ఓయి షావుకారు, పెట్రోలు బంకు యజమాని. పోయిన శుక్రవారం మధ్యాహ్నం బంకు వెనక ఆఫీసు గదిలో తల పగిలి పడి ఉన్నాడు. పక్కన వీల్ స్పానరు, దాని పిడి మీద ఎదురుగా ఉన్న బద్రుల్ వర్క్‌షాపు గుర్తు. పన్నెండూ యాభై రెండుకి బద్రుల్ తౌకే మీదికి వేలెత్తి అరుస్తున్నట్టు ముందువైపు కెమెరాలో ఉంది. ఒంటిగంట నుంచి రెండింటిదాకా ఎక్కడున్నావని పోలీసులు అడిగితే మసీదులో ఉన్నానన్నాడు. శుక్రవారం నమాజుకి ఊళ్ళో మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అంతమందిలో అతన్ని చూశానన్నవాడు ఒక్కడూ లేడు.

"మళ్ళీ మొదటినుంచి చెప్పు పిన్నీ. బండి ఎప్పుడొచ్చింది?"

"గడియారం నేను చూళ్ళేదు. మసీదు మైకులో ఉపన్యాసం మొదలైంది. నా రెండో వాయి నూనెలో ఉంది. అప్పుడు ఆ రేకుల అవతల సందులోకి ఒక కారు వచ్చి ఆగింది." గరిటెతో వెనకాల తుప్పు రేకుల గోడ చూపించింది. గోడకి అటువైపు బంకు వెనక సందు, ఆఫీసు గది పెరటి తలుపు ఉన్నాయి. "ఆపి దిగాడు గానీ ఇంజను కట్టెయ్యలేదు. అలాగే వాగుతూ నిలబడింది. టక టక టక టక... డబ్బాలో మేకులు పోసి ఆడించినట్టు. ఉపన్యాసంలో ఒక్క ముక్క వినపడలేదు నాకు. తిట్టుకున్నాను కూడా, శుక్రవారం పూట."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు ఉంటుంది. నమాజుకి లేవకముందే వెళ్ళిపోయింది."

ఉపన్యాసం మొదలయ్యేది ఒకటీ ఇరవైకి. అంటే అప్పటినుంచి ఒకటిన్నర దాకా. చావు గురించి పోస్టుమార్టం డాక్టరు చెప్పిన టైముకి సరిపోతోంది.

"వెళ్ళేటప్పుడు చప్పుడు ఎక్కువైందా?"

పిన్ని నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ఎక్కువవడమేంటి? కదిలిందో లేదో నోట్లో పాలపీక పెట్టిన పిల్లలా ఠక్కున నోరు మూసుకుంది. మెత్తగా వెళ్ళిపోయింది. ఆ ఇన్‌స్పెక్టరు ఆ బద్రుల్ నడిపిన కారు తెచ్చి ఈ రోడ్డు మీద రయ్‌మని పోనిచ్చి, 'ఇదేనా చప్పుడు?' అన్నాడు. అలాంటిదే అన్నాను. తప్పా?"

తప్పో కాదో నాకూ తెలియదు. బజ్జీలు పొట్లం కట్టించుకుని లేచాను.

రోడ్డు మీద వెయ్ లియాంగ్ కారులో కాచుకుని ఉన్నాడు. తౌకే అల్లుడు. నా కారు పోయిన గురువారం బ్రేకులకని బద్రుల్ వర్క్‌షాపులో ఇచ్చాను. ఇప్పుడు ఆ వర్క్‌షాపుకి పోలీసు సీలు, లోపల నా కారు. ఆటంకాలన్నీ నాకే రావాలి. పొద్దున బస్టాపులో నిలబడి ఉంటే ఇతనే ఆపి, "ఎక్కండక్కా, నేను తిప్పుతాను. చంపింది అతనే అంటున్నారు గానీ మా మామగారికి బద్రుల్ అంటే ఇష్టం. నాకూ నిజం తెలియాలి," అన్నాడు. మంచి కుర్రాడు. కళ్ళ కింద నల్లగా ఉంది, వారం నుంచి నిద్రలేనట్టు. శుక్రవారం పక్క ఊరు కంపార్‌లో ఉన్నాడట. రెండున్నరకి ఫోనొస్తే పరిగెత్తుకొచ్చాడట.

ఒక్కటే నవ్వొచ్చే సంగతి. ఎర్రలైటు పడితే చాలు, కారు ఆగకముందే తాళం తిప్పి ఇంజను కట్టేస్తాడు.

"పెట్రోలు బంకు అల్లుడివై ఉండి ఇంత పిసినారితనమా బాబూ?" అన్నాను.

"మా మామగారు నేర్పిందే అక్కా," అని నవ్వేశాడు. ఏసీ కూడా పోయి ఉక్కపోతలో నేను కొంగుతో విసురుకున్నాను.

*

లాకప్‌లో బద్రుల్‌తో మాట్లాడటానికి లాయరు పది నిమిషాలు ఇప్పించాడు. మనిషి సగమయ్యాడు. గోళ్ళలో నల్లటి గ్రీజు మాత్రం ఇంకా వదల్లేదు.

"మసీదుకి వెళ్ళలేదు కదూ?" కూర్చుంటూనే అడిగాను.

తల దించుకున్నాడు. "హలిజా వాళ్ళ నాన్న అదే మసీదులో అజాన్ చెప్పే ఆయన. శుక్రవారం నమాజు ఎగ్గొట్టి కారు కింద పడుకున్నానంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడక్కా? మొదట అడిగినప్పుడు నోటికొచ్చింది చెప్పేశాను. ఇది హత్య కేసని అప్పటికి నాకు చెప్పలేదు. తర్వాత మారిస్తే ఎవడు నమ్ముతాడు?"

నాకు వాణ్ణి చెంపదెబ్బ కొట్టాలనిపించింది. మామగారి ముందు పరువు పోతుందని మెడకి ఉరి తగిలించుకున్నాడు.

"అసలు ఎక్కడున్నావ్?"

"కొండరోడ్డు మీద. ఒక కస్టమర్ కారు బాగుచేసి చూస్తున్నాను. జపాన్ పాత టర్బో, దానికి తొంభై ఏడు ఆక్టేన్ పెట్రోలు తప్ప పడదు. పన్నెండూ ఇరవైకి తౌకే బంకులోనే పచ్చ పంపు దగ్గర ఫుల్‌ట్యాంకు కొట్టించాను. కొండెక్కుతుంటే లోపల సుత్తితో కొడుతున్నట్టు కరకర. తిరిగొచ్చి తౌకేని అడిగాను, 'పచ్చ పంపులో పచ్చ పంపు పెట్రోలే ఉందా?' అని. ఆయన కోప్పడ్డాడు, నేనూ అరిచాను. ఆఖరికి, 'ఇంకోసారి కొండెక్కి చూడు, నేనూ ఇక్కడ చూస్తాను' అన్నాడు. వెళ్ళాను. మళ్ళీ అదే మోత. అక్కడే బండి కింద దూరి వెతుకుతుంటే నమాజు టైము దాటిపోయింది."

"ఆ కారు ఆగి ఉన్నప్పుడు కూడా చప్పుడు చేస్తుందా?"

"ఆగి ఉంటే ఎందుకు చేస్తుంది?" ఆ ఒక్క క్షణం ఖైదీ పోయి మెకానిక్ వచ్చాడు. "అక్కా, అవి రెండూ వేరు వేరు జబ్బులు. ఎత్తెక్కేటప్పుడు మూలిగితే పెట్రోలుని అడగాలి. నిలబడి మూలిగితే ఎక్కడో ఏదో వదులైందని వెతకాలి. కింద పొగగొట్టం మీద వేడి తగలకుండా ఒక రేకు ఉంటుంది చూడండి, దాని బోల్టు ఊడితే ఆగినప్పుడల్లా టకటకమంటుంది, కాస్త యాక్సిలరేటర్ తొక్కితే ఊరుకుంటుంది. దానికి దీని మందు వేస్తే..."

గార్డు తలుపు తట్టాడు. బద్రుల్ మళ్ళీ ఖైదీ అయిపోయాడు. "హలిజాకి చెప్పకండి అక్కా. నమాజు సంగతి."

ప్రాణం పోయేలా ఉంటే ఇతనికి ఆ దిగులు! సరేనన్నాను. చెప్పక తప్పదని ఇద్దరికీ తెలుసు.

*

ఒంటిగంటకి తౌకే ఆఫీసు గది తాళం వెయ్ లియాంగే తీశాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేనన్నాడు. నేల కడిగించేశారు. బల్ల, ఇనప బీరువా, గోడకి క్యాలెండరు. సందులోకి తెరుచుకునే పెరటి తలుపు, లోపలి గడియ, బయట కెమెరా లేదు. తౌకే లోపలినుంచి గడియ తీస్తేనే ఎవరైనా రాగలరు. పగలగొట్టిన గుర్తులేమీ లేవు.

కిటికీ గట్టు మీద కడిగి బోర్లించిన సాస్ సీసాలు రెండు, ఒక గరాటు. పక్కన మూత బిగించిన మూడో సీసాలో పెట్రోలు ఉంది. దానిమీద కాగితం అంటించి తౌకే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: 'పసుపు పంపు, శుక్రవారం, 1:05.'

చావడానికి పావుగంట ముందు. నేను ఆ సీసాని కిటికీ వెలుగులో తిప్పి చూశాను. బద్రుల్ గొడవపడింది పచ్చ పంపు గురించి. అందులో తొంభై ఏడు అమ్ముతారు, ఖరీదెక్కువ. పసుపు పంపులో తొంభై అయిదు, సర్కారు రాయితీతో చవగ్గా, ఊరంతా కొట్టించుకునేది అదే. దానిమీద ఎవరూ ఏమీ అనలేదు. మరి పసుపు పంపు పెట్రోలు సీసాలో ఎందుకు పట్టాడు?

"పోలీసులు ఇది చూడలేదా?"

"బంకులో పెట్రోలు ఉంటే వింతేముంది అన్నారక్కా," అన్నాడు వెయ్ లియాంగ్ గుమ్మంలోంచి. "అప్పుడప్పుడు అలా పట్టి చూస్తుండేవారు, అలవాటు."

"పచ్చ పంపుది కావాలంటే ఇప్పుడు పట్టొచ్చా?"

"పట్టొచ్చు. కానీ సోమవారం బంకు తెరవగానే ఆ ట్యాంకు ఖాళీ చేయించి కడిగించాను. కొత్త లోడు దింపాం. చావు జరిగిన చోటు కదా, అంతా శుభ్రం చేయించాలని అత్తగారు అన్నారు."

అది కూడా సబబుగానే అనిపించింది. ఆ రోజు నాకు అన్నీ సబబుగానే అనిపించాయి. ఒకదానికొకటి మాత్రం అతకలేదు.

*

ఇన్‌స్పెక్టర్ ఖుశైరి ఒకప్పుడు నా కింద కానిస్టేబులు. ఎండలో నిలబడలేక రెండుసార్లు కళ్ళు తిరిగి పడితే నేనే మొహం మీద నీళ్ళు చల్లాను. ఆ సంగతి నేను మరిచిపోలేదని అతనికి తెలుసు, అందుకే నేనంటే గిట్టదు.

"రండక్కా. ట్రాఫిక్ వాళ్ళు కూడా హత్యలు పరిశోధిస్తున్నారా?" పోలీసు యార్డులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎవర్నైనా ఆపి చలాన్ రాస్తారేమోనని భయంగా ఉంది."

"నీకు రాయాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ టర్బో తాళం ఇవ్వు."

"దేనికి?"

"నీ కేసంతా ఆ బండి చప్పుడు మీద నిలబడింది. నేనూ ఓసారి వినాలి."

ఇస్తాడనుకోలేదు. గెలిచినవాడికి చూపించుకోవాలని ఉంటుంది కదా, ఇచ్చాడు. నేను ఇంజను స్టార్ట్ చేసి కిందకి దిగాను. ఇద్దరం బానెట్ ముందు నిలబడ్డాం. అయిదు నిమిషాలు. సన్నగా, నిండుగా, ఒకే శ్రుతిలో గురక పెట్టింది తప్ప టక్కుమనలేదు.

"ఇంకా వేడెక్కలేదు," అన్నాడు ఖుశైరి.

పది నిమిషాలు. వేడి ముల్లు మధ్యకొచ్చింది. అయినా టక్కుమనలేదు.

"పద, కొండరోడ్డు ఎక్కిద్దాం. నువ్వే నడుపు."

వాలు మొదలై నాలుగో గేరులో తొక్కాడో లేదో, ఇంజను లోపల ఎవరో గులకరాళ్ళు విసిరినట్టు కరకర మొదలైంది. ఖుశైరి మొహం వెలిగిపోయింది. "విన్నారా! ఇదే! మీకే వినిపిస్తోందిగా!"

"వినిపిస్తోంది. కానీ సెనా పిన్ని విన్న బండి నిలబడి ఉండగా మోగింది, కదిలాక ఆగింది. ఇది నిలబడితే నోరెత్తదు, కదిలి ఎత్తెక్కితే మోగుతోంది. తలకిందులుగా ఉంది కదయ్యా."

"చప్పుడు చప్పుడే అక్కా! సందులో ఆగింది, మోగింది. ముసలావిడకి ఎప్పుడు మోగిందో ఎప్పుడు ఆగిందో గుర్తుంటుందా?"

"శుక్రవారం ఉపన్యాసం పోగొట్టుకున్న మనిషికి గుర్తుంటుంది."

"మసీదుకి వెళ్ళానని అబద్ధమెందుకు ఆడాడు? స్పానరు అతనిదెందుకైంది?"

"స్పానరు అతను బంకుకి ఎరువిచ్చాడని హలిజా చెప్పింది. అబద్ధం సంగతి..." నోరు మూసుకున్నాను. మాటిచ్చాను కదా, ఛీ.

"చూశారా, మీ దగ్గరా సమాధానం లేదు," అన్నాడు. ఈసారి వెటకారం లేదు గొంతులో, అలిసిపోయినట్టుంది. "నాకూ నచ్చి చేస్తున్నానా? మూడున్నరలోపు గట్టిదేమైనా ఉంటే ఫోన్ చెయ్యండి. ఆ తర్వాత ఫైలు ప్రాసిక్యూటరు చేతిలో ఉంటుంది, నా చేతిలో ఏమీ ఉండదు."

యార్డుకి తిరిగొచ్చాక నేను డ్యాష్‌బోర్డు అర తెరిచి చూశాను. రసీదు ఉంది. పచ్చ పంపు, తొంభై ఏడు, ఫుల్‌ట్యాంకు, శుక్రవారం 12:20. బద్రుల్ చెప్పిందే. పెట్రోలు ముల్లు ఇంకా పైనే ఉంది. కొండ మూడుసార్లు ఎక్కినా, వీళ్ళు కాస్త తిప్పినా, ముప్పాతిక ట్యాంకు మిగిలింది.

తొంభై ఏడు పోస్తే మూలగకూడదు. మూలుగుతోంది. అంటే పోసింది తొంభై ఏడు కాదు.

అప్పుడు, యార్డు గేటు దాటుతుండగా, కిటికీ గట్టు మీది సీసా గుర్తొచ్చింది. బద్రుల్ అనుమానపడ్డది పచ్చ పంపుని. రెండూ ఒకటేనేమో తేల్చుకోవాలంటే తౌకే ఒక్క సీసా పట్టడు, పక్కపక్కన పెట్టి చూడటానికి రెండు పడతాడు. పసుపుది అక్కడే ఉంది. పచ్చది లేదు. చంపినవాడు పట్టుకుపోయాడు.

*

వెయ్ లియాంగ్ కారు ఎక్కేసరికి మూడూ పది. ఇన్ని గంటల గజిబిజి ఒక్కసారిగా విడిపోతుంటే ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆగేలా లేను. ఈ వయసులో అదో జబ్బు.

"కోర్టుకి పోనీ బాబూ. మీ మామగార్ని చంపింది బద్రుల్ కాదు. మీ బంకులో ఎవరో పచ్చ ట్యాంకులో చవక తొంభై అయిదు కలిపి తొంభై ఏడు ధరకి అమ్ముతున్నారు. బద్రుల్ అది కనిపెట్టాడు. మీ మామగారు సీసాలు పట్టి చూసి, వాణ్ణి పిలిచి నిలదీశాడు. ఫోన్ చేశాడో ఏమో, వాడు వెనకనుంచి వచ్చాడు. తౌకే స్వయంగా గడియ తీశాడు. అంటే ఇంట్లోవాడిలా తిరిగేవాడు."

"మా పనివాళ్ళా?" రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా అడిగాడు.

"పనివాళ్ళంతా మసీదులో ఉన్నారుగా. అదే తెలియడం లేదు. ఎవడైనా కానీ, అన్నీ తుడిచేశాడు, సీసా తీసుకుపోయాడు. మీరేమో ట్యాంకు కడిగించేశారు, మీకేం తెలుసు పాపం! కానీ ఒక్కటి మిగిలిపోయింది." మురిసిపోతూ చెప్పాను. "శుక్రవారం ఆ పచ్చ పంపులో కొట్టించిన పెట్రోలు ముప్పాతిక ట్యాంకు అలాగే ఉంది, టర్బోలో, పోలీసు యార్డులో. ల్యాబుకి పంపితే సాయంత్రానికల్లా బద్రుల్ బయటికొస్తాడు."

"ఇన్‌స్పెక్టరుకి చెప్పారా?"

"ఇంకా లేదు. నీకే మొదట."

ముందు రోడ్డు తవ్వుతున్నారు. జెండా మనిషి ఎర్ర పలక తిప్పాడు. కారు ఆగింది.

వెయ్ లియాంగ్ చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. పొద్దున్నుంచి ప్రతి లైటు దగ్గరా తాళం మీదికి వెళ్ళే చెయ్యి ఈసారి కదల్లేదు. అతను నేను చెప్పిందే ఆలోచిస్తున్నాడు.

నా కాళ్ళ కింద మొదలైంది.

టక టక టక టక. డబ్బాలో మేకులు పోసి ఆడించినట్టు.

నేను ఎదుటి అద్దంలోంచి రోడ్డుకేసే చూస్తూ కూర్చున్నాను. తల తిప్పకూడదని నాకు నేను చెప్పుకున్నాను. సెనా పిన్ని గరిటె, బద్రుల్ గోళ్ళు, పొగగొట్టం మీది రేకు, కంపార్ దాకా వచ్చిందన్న ఫోను, కడిగించిన ట్యాంకు అన్నీ వరసగా వచ్చి తమ తమ చోట్లలో కూర్చున్నాయి. ఇతని పిసినారితనానికి పొద్దున్నే నవ్వాను నేను! ఇతను ఆదా చేసింది పెట్రోలు కాదు. ఆగిన ప్రతిచోటా ఈ చప్పుడు ఎవరి చెవినీ పడకుండా చూసుకున్నాడు.

అతని చెయ్యి మెల్లగా తాళం దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. ఇక కట్టేసి లాభం లేదని అతనికీ అర్థమైంది.

"వారం నుంచి వస్తోందక్కా," అన్నాడు నెమ్మదిగా. "బద్రుల్‌కి చూపిద్దామనుకున్నాను. ఇంకెవరికి చూపించినా అడుగుతారు కదా, ఎప్పట్నుంచని."

నా బ్యాగులో ఫోన్ మోగింది. తెర మీద ఖుశైరి పేరు. డ్యాష్‌బోర్డు గడియారంలో మూడూ ఇరవై ఆరు.

"అది ఇలా ఇవ్వండి," అంటూ ఎడమచెయ్యి చాపాడు. నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారిగా కిందకి దిగాయి.

జెండా మనిషి పచ్చ పలక తిప్పాడు. వెయ్ లియాంగ్ యాక్సిలరేటర్ తొక్కాడు. పాలపీక పెట్టిన పిల్లలా చప్పుడు ఠక్కున ఆగిపోయింది. కారు మెత్తగా ముందుకు సాగింది.

కోర్టుకి వెళ్ళాలంటే కూడలిలో ఎడమకి తిరగాలి. అతను కుడికి తిప్పాడు.